సర్వరు గదిలో మిషనమ్మ

“నేటి నుండి ఈ కార్యాలయమందు కాగితము అను వస్తువు కనబడరాదు. యావత్తు పరిపాలన కంప్యూటరు ద్వారానే సాగును. ప్రజలు గమనించగలరు.”

లైసెన్సుల ఆఫీసు పెద్దసారు చేసిన ఈ ప్రకటనను ప్రజలు గమనించకుండా ఉండే వీలే లేకపోయింది. ఎందుకంటే దాన్ని అరవై కాగితాల మీద టైపు చేయించి ఆఫీసు గోడలకీ, గేటుకీ, వీధిలో ఉన్న కరెంటు స్తంభాలన్నిటికీ అంటించారు. మర్నాడు గాలివాన వచ్చింది. వీధి వీధంతా కాగితరహిత పరిపాలనతో నిండిపోయింది.

అలా ఎగిరిన కాగితం ఒకటి ఆఫీసుకు ఎదురుగా, మేడమెట్ల కింద ఉన్న చిన్న గదిలోకి వచ్చి పడింది. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి వీధిలో నిలబడి మాట్లాడవలసిన గది అది. అందులో ముప్పై రెండేళ్లుగా ఒకావిడ టైపు మిషన్లు బాగుచేస్తోంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆమెకు గుర్తుందో లేదో గానీ ఊరందరికీ ఆమె మిషనమ్మ. దూరం నుంచి మిషను చప్పుడు వింటే చాలు, ఏ అక్షరానికి ఏ రోగమో చెప్పేస్తుంది. ఒకప్పుడు ఊళ్లో ఆ పని చేసేవాళ్లు తొమ్మిది మంది. ఇప్పుడు ఆమె ఒక్కతే.

కాగితం చేతిలోకి తీసుకుని, సంగతి చదివే ముందు అక్షరాలు చూసింది. వృత్తి అలవాటు. ‘గ’ ఎడమకి ఒరిగింది, సున్న పూడుకుపోయింది. ఆ తరువాత సంగతి చదివింది. కాగితం లేకపోతే టైపు లేదు, టైపు లేకపోతే తను లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నెల తిరక్కముందే లైసెన్సుల ఆఫీసు హెడ్డు గుమాస్తా వచ్చాడు. ముందు వీధిలోంచి కాదు, వెనక సందులోంచి. తల చుట్టూ తువాలు, చేతిలో కూరల సంచీ. సంచీలో కూరలు లేవు. అటూ ఇటూ చూసి, “అక్కయ్యా, కొంప మునిగింది. ‘ద’ ఒత్తు విరిగింది” అన్నాడు గొంతు తగ్గించి.

“మీకు మిషన్లు లేవుగా తమ్ముడూ? గోడ మీద చదివాను.”

“లేవు. ఆ లేనిదానికే విరిగింది.”

అతను చెప్పుకొచ్చిన కథ ఇది. పన్నెండు కంప్యూటర్లు వచ్చిన మాట నిజం. వాటిని తెరిచే రహస్య పదం పాత అధికారి దగ్గర ఉండేది. ఆయన బదిలీ మీద వెళుతూ దాన్ని సీలువేసిన కవరులో పెట్టి బీరువాలో దాచాడు. ఆ బీరువా తాళం చెవులు కావాలంటే కంప్యూటరులో దరఖాస్తు పెట్టుకోవాలి. కనుక ప్రస్తుతానికి ఉత్తర్వులన్నీ టైపు మిషను మీదే కొట్టి, ఆ కాగితాన్ని గుమాస్తా సొంత ఫోనుతో ఫొటో తీసి పైకి పంపుతున్నారు. ఫొటో తీసిన కాగితం కంప్యూటరు పత్రం కిందే లెక్క అని పెద్దసారు తేల్చారు.

అసలు చిక్కు ఒత్తుతో వచ్చింది. ‘ద’ ఒత్తు లేనిదే ‘రద్దు’ అనే మాట పడదు. ‘తీసివేయడమైనది’ అని కొడదామంటే నిబంధనల్లో ఆ మాట లేదు. ఒకసారి సాహసించి ఒక బట్టల కొట్టు యజమానికి ‘మీ లైసెన్సు రదు చేయడమైనది’ అని పంపారు. ఆయన అదేదో కొత్త రాయితీ అనుకుని వచ్చి కృతజ్ఞతలు చెప్పి వెళ్లాడు. అలా మూడు వారాలుగా ఊళ్లో ఎవరి లైసెన్సూ ఊడలేదు. ఆఫీసువాళ్ల మనసు కరిగిందని జనం సంబరపడుతున్నారు. కరిగింది మనసు కాదు, విరిగింది ఒత్తు.

మిషనమ్మ పనిముట్ల పెట్టె కూరల సంచీలో పెట్టుకుని గుమాస్తా వెంట వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్లింది. పాత రికార్డులు పడేసే గది తలుపుకి ‘సర్వరు గది, ఇతరులకు ప్రవేశము లేదు’ అని కొత్త బోర్డు వేలాడుతోంది. లోపల ఎత్తు బల్ల మీద, నల్లగా, బండరాయిలా మిషను. దాన్ని చూడగానే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఒత్తు విరిగిన పాత కడ్డీని ఊడదీసి, తన దగ్గరున్న కడ్డీని ఆకురాయితో అరగదీసి, అతికి, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా కూర్చింది. గుమాస్తా కొట్టి చూశాడు. రద్దు, రద్దు, రద్దు. ముత్యాల్లా పడ్డాయి. అతని కళ్లు చెమర్చాయి.

ఆ వారంలోనే మిషనమ్మకు ఒక ఉత్తర్వు అందింది. ‘ఈ పట్టణమందు టైపు మిషన్లు వాడుకలో లేనందున, లేని వస్తువును మరమ్మతు చేయుట సాధ్యము కానందున, మీ దుకాణము లైసెన్సు ఇందుమూలముగా రద్దు చేయడమైనది. నెల రోజులలో గది ఖాళీ చేయవలెను.’

ఈసారీ ముందు అక్షరాలే చూసింది. ఒత్తు ఎంత చక్కగా, ఎంత నిండుగా పడిందో! ఒక్క క్షణం మురిసిపోయింది కూడా. తరువాత అర్థం తలకెక్కింది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది.

ఉత్తర్వు పట్టుకుని ముందు గుమ్మంలోంచే ఆఫీసుకి వెళ్లింది. కిటికీ వెనక హెడ్డు గుమాస్తా కూర్చుని ఉన్నాడు. సందులో అక్కయ్య అని పిలిచిన మనిషి, కిటికీ దగ్గర ఆమెను ‘దరఖాస్తుదారు’ అన్నాడు. వ్యక్తిగతంగా తనకు ఆ మిషనే దిక్కని, ఆఫీసుపరంగా మాత్రం అది లేదని, ఉన్నదాన్ని లేదన్న తరువాత లేనిదాన్ని ఉందనడం తన స్థాయికి మించిన పని అని వినయంగా విన్నవించాడు. అప్పీలు చేసుకోవచ్చు. కంప్యూటరులో మాత్రమే.

ఆమె కూతురు ఒక కంప్యూటర్ల దుకాణంలో పనిచేస్తుంది. అప్పీలు నింపడానికి అదే కూర్చుంది. ఆఫీసు వెబ్‌సైటు పదకొండు నుంచి ఒంటిగంట వరకూ, మళ్లీ రెండున్నర నుంచి నాలుగు వరకూ మాత్రమే తెరుచుకుంటుంది. కంప్యూటరు కూడా మధ్యాహ్నం భోజనానికి లేస్తుందని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది. వృత్తి ఏమిటో పట్టికలోంచి ఎంచుకోమంది. నూట నలభై వృత్తులున్నాయి. నది కూడా లేని ఆ ఊరికి జలాంతర్గాముల విడిభాగాల విక్రేత ఉన్నాడు గానీ టైపు మెకానిక్కు లేడు. ఏదో ఒకటి నొక్కితే, ‘ధ్రువీకరణ సంఖ్య మీ ఫ్యాక్సు యంత్రానికి పంపబడినది’ అని వచ్చి ఆగిపోయింది.

“వదిలేయమ్మా” అంది కూతురు విసిగిపోయి. “ఆ ఇనుమంతా తూకానికి వేసి ఇంట్లో కూర్చో. నేను సంపాదిస్తున్నానుగా.”

తిండికి లోటు రాదని మిషనమ్మకీ తెలుసు. కానీ పొద్దున్నే తాళం తీసే గది లేకపోతే, ఎవరో ఒకరు వచ్చి ‘ఇది నీవల్లే బాగవుతుంది’ అనే మాట లేకపోతే, ఆ చేతులు పెట్టుకుని ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఈ సంగతి కూతురికి చెప్పడం కూడా ఆమెకు చేతకాలేదు. దుకాణం సర్దడం మొదలుపెట్టింది.

ఖాళీ చేయడానికి ఇంకా వారం ఉందనగా వెనక సందులో మళ్లీ తువాలు కనిపించింది. ఈసారి మిషనులో కాగితాన్ని జరిపే బండిని లాగే స్ప్రింగు తెగిందట. తెల్లవారితే ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీ అధికారిణి వస్తున్నారు. ‘ఉత్తమ కాగితరహిత కార్యాలయం’ అవార్డుకి ఆఫీసు ఎంపికయ్యేలా ఉంది. కాగితం ఎలా మానేశారో వివరిస్తూ ఎనభై పేజీల నివేదిక ఐదు ప్రతులు ఆవిడ చేతికి ఇవ్వాలి. మూడో పేజీ దగ్గర బండి ఆగిపోయింది.

మిషనమ్మ కడ్డీలకు గుడ్డ చుడుతూనే అంది, “లేని మిషనుకి నేనెలా మరమ్మతు చేస్తాను తమ్ముడూ? గవర్నమెంటు మాట అబద్ధం చేసినదాన్నవుతాను.”

గుమాస్తా బతిమాలాడు, మొత్తుకున్నాడు, చివరికి వెళ్లిపోయాడు. అరగంటలో పెద్దసారే వచ్చారు, అదే వెనక సందులోంచి, అదే తువాలు చుట్టుకుని. గదిలో చోటు లేక మెట్ల కింద తల వంచుకుని నిలబడ్డారు. ఆమె ఎదుట ఆయన తల వంచడానికి వేరే కారణం లేదు.

ఏం కావాలో చెప్పమన్నారు. రద్దుని రద్దు చేయమంది. ఆయన కక్కలేక మింగలేక చాలాసేపు ఆలోచించారు. రద్దుని రద్దు చేయాలంటే ఊళ్లో టైపు మిషన్లున్నాయని రాయాలి. అలా రాస్తే అవార్డు పోతుంది, దాని వెంట ఆయనకు రావలసిన ప్రమోషను పోతుంది. చివరికి మొహం విప్పారింది. మిషనమ్మను ‘సర్వరు నిర్వహణ నిపుణురాలు’గా నియమిస్తూ అక్కడికక్కడే చేతిరాతతో ఉత్తర్వు రాసిచ్చారు, గంటలో గుర్తింపు కార్డూ పంపారు. ఆమె గది ఇకనుంచి సర్వరు సేవా కేంద్రం. పాత రద్దు దానికి వర్తించదు.

సాయంత్రం ఇంట్లో మెడలో వేలాడే గుర్తింపు కార్డు చూసి కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. “అసలు సర్వరంటే ఏమిటో తెలుసా అమ్మా నీకు?”

“నాకెందుకే? వాళ్లకి తెలిసి బోర్డు పెట్టారా?” అంది మిషనమ్మ. పైకి అలా అంది గానీ మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ముప్పై రెండేళ్లు నిజమైన పని చేసిన మనిషి, ఆ పని నిలుపుకోవడానికి దొంగ పేరు తగిలించుకోవలసి వచ్చింది.

మర్నాడు తెల్లవారుజామునే వెళ్లినా స్ప్రింగు వేయడం పూర్తయ్యేసరికి పది దాటింది. గుమాస్తాకి చేతులు ఆడడం లేదని ఆమే కూర్చుని నివేదిక కొట్టసాగింది. బయట తనిఖీ మొదలైంది. పన్నెండు కంప్యూటర్లు పూలబొమ్మలు చూపిస్తూ వెలుగుతున్నాయి. వాటి ముందు పన్నెండు మంది గుమాస్తాలు పూలను తదేకంగా చూస్తున్నారు. తనిఖీ అధికారిణి అన్నీ చూసి తల పంకించి, వసారా చివర ఆగి చెవి రిక్కించింది.

“ఆ టకటకలేమిటి?”

“సర్వరు మేడమ్. పని ఎక్కువైనప్పుడు అలా చప్పుడు చేస్తుంది” అన్నారు పెద్దసారు.

చూపించమంది. దానికి దుమ్ము పడదన్నారు, తాళం చెవి లేదన్నారు, లోపల విద్యుత్తు ప్రమాదకరమన్నారు. ఆవిడ వినకుండా తలుపు తోసింది.

బల్ల మీద మిషను. దాని పక్కన కాగితాల గుట్ట. వెనకాల, మెడలో కార్డుతో మిషనమ్మ. పెద్దసారు మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమాస్తా గోడకి అతుక్కుపోయాడు. తనిఖీ అధికారిణి వాటినన్నిటినీ ఒక్కసారి కలయజూసి, సాంకేతిక విషయాలు మాట్లాడాలి, అందరూ బయట ఉండండి అని తలుపు గడియ వేసింది.

మిషనమ్మ లేచి నిలబడింది. కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

“అమ్మా, ఇది సర్వరు కాదు, టైపు మిషను. నేను నిపుణురాలినీ కాదు, మెకానిక్కుని. ఏ శిక్ష వేసినా సరే, మీ ముందు మాత్రం అబద్ధం ఆడలేను.”

తనిఖీ అధికారిణి పెదాల మీద వేలు పెట్టి, కార్డు తీసి మళ్లీ ఆమె మెడలో వేసింది. మిషను చుట్టూ ఒకసారి తిరిగి, అలవాటైన వేళ్లతో రెండక్షరాలు నొక్కి చూసింది. తరువాత బాగా దగ్గరికి వచ్చి చెవిలో అంది:

“మెల్లగా మాట్లాడండి. మా ప్రధాన కార్యాలయంలో ఇలాంటి సర్వర్లు పదకొండు ఉన్నాయమ్మా. ఒక్కదానికీ రిబ్బను దొరకడం లేదు. వీళ్లకివ్వాల్సిన అవార్డు పత్రం కూడా అందుకే ఆగిపోయింది.”