బావగారి రెండో ఇన్సూరెన్సు

సోమవారం పొద్దున నరసింహులు వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు కడగడం, టిఫిను తినడం, వెళ్లి నంద్యాల బజారులోని తన ఎరువుల అంగడి తెరవడం. మొదటి పని సగం అయ్యేసరికి జేబులో ఫోను మోగింది. మీ కారు ఇన్సూరెన్సు రెన్యువల్ అయింది, ధన్యవాదాలు అంటూ ఒక కంపెనీ సందేశం పంపింది. ఆ కంపెనీకి ఆయన ఈ ఏడు ఒక్క రూపాయి కట్టలేదు. మొన్ననే కూతురు చందన ఫోనులోంచి, ఆన్‌లైన్‌లో, వేరే కంపెనీకి పద్దెనిమిది వేలు కట్టాడు. అమ్మకు చెప్పొద్దని చందన దగ్గర ఒట్టు కూడా వేయించుకున్నాడు.

తడి చేతులతోనే వంటింట్లోకి వెళ్లాడు. "ఏమే ఉమా! కారు ఇన్సూరెన్సుకు దుడ్లు ఎవురు కట్టినారు?"

భార్య ఉమామహేశ్వరమ్మ దోసె మీది నుంచి చూపు తిప్పలేదు. "నేనే. మా ఓబయ్యకు పంపిచ్చినా. ఏటా వాడే కదా చేసేది."

"నేను మొన్ననే ఆన్‌లైన్లో కట్టేసినా కదే!"

"కట్టినట్ల నాకు చెప్పినావా?"

"నువ్వు చెప్పినావా?"

ఇద్దరూ చెప్పుకోకపోవడానికి కారణం ఒకటే. ఓబయ్య ఉమామహేశ్వరమ్మ తమ్ముడు. ఆళ్లగడ్డలో ఉంటాడు, ఇన్సూరెన్సు ఏజెంటు. వేసవిలో కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. మరుసటి రోజు మాంసం భోజనాల్లో నరసింహులును రెండో బంతిలో కూర్చోబెట్టాడు. బావ ఇంటి మనిషి, బయటివాళ్లు తిన్నాక తింటాడులే అని ఓబయ్య అనుకున్నాడు. తాను ఇంటి అల్లుడు, బయటివాళ్లకన్నా ముందు తినాలని నరసింహులు అనుకున్నాడు. పైగా రెండో బంతికి వచ్చేసరికి పులుసు పలచబడింది. పలచబడిన పులుసును నరసింహులు ఈ జన్మలో క్షమించదలచుకోలేదు. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు, ఈ ఏడు బామ్మర్దికి ఇన్సూరెన్సూ లేదు.

ఉమామహేశ్వరమ్మ లెక్క వేరు. ఇన్సూరెన్సు కాగితాలు ఇచ్చే నెపంతో ఓబయ్య ఏటా ఇంటికి వచ్చేవాడు, అమ్మ పంపిన కారప్పొడి తెచ్చేవాడు, రాత్రి దాకా కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. ఆ కాగితాలు కూడా లేకపోతే పుట్టింటి దారి పూర్తిగా మూసుకుపోతుందని ఆమె భయం. అందుకే చీటీ పాట డబ్బులు తమ్ముడికి పంపి, "మీ బావే పంపమన్నాడ్రా" అని ఒక చిన్న అబద్ధం కూడా కలిపింది.

"వాంది క్యాన్సిల్ చేపిస్తా. దుడ్లు వెనక్కి తెస్తా," అన్నాడు నరసింహులు.

"నీదే చేపిచ్చుకోరాదా? ఏదో ఒకటి పోతే సరిపాయె కదా."

"నాదెందుకు చేపిచ్చల్ల? రెండో బంతి నాకు పెట్టినారా, వానికి పెట్టినారా?"

ఆమె పెనం మీది దోసె తిరగేసింది. కంపెనీకి ఫోను చేస్తే, ఏజెంటు ద్వారా తీసుకున్న పాలసీ గనక ఆ ఏజెంటుతోనే అర్జీ పెట్టించమన్నారు. అంటే ఎవరి ముఖం చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడో వాడి ఇంటికే వెళ్లాలి. నరసింహులు దోసె తినకుండా కారెక్కాడు. కోపంలో తినకపోవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

కారు వీధి మలుపు తిరగగానే ఉమామహేశ్వరమ్మ పొయ్యి కట్టేసి చందనను పిలిచింది.

"ఆ ఆన్‌లైన్‌ది నీ ఫోన్లోనే ఉందా?"

"ఉందిమా. యాటికి?"

"క్యాన్సిల్ చెయ్. బేగా."

"నాయన అరుస్తాడుమా!"

"మీ నాయన ఎట్లా అరుస్తానే ఉండాడు. చెయ్."

బండికి ఇంకొక పాలసీ ఉందని చూపిస్తే చాలు, రద్దు చేస్తామంది ఫోను. చందన మేనమామ చేసిన పాలసీని చూపించింది. కాసేపటికి మీ పాలసీ రద్దయింది, డబ్బు వారంలో మీ ఖాతాలో పడుతుందని సందేశం వచ్చింది. ఉమామహేశ్వరమ్మ వెంటనే భర్తకు ఫోను చేసింది. ఆయన కట్ చేశాడు. మళ్లీ చేసింది. ఆయన మళ్లీ కట్ చేశాడు. భార్య బతిమాలుతోందని సంతోషించి, శిరివెళ్ల దాటేసరికి ఒక పాట కూడా పెట్టుకున్నాడు.

ఆళ్లగడ్డలో ఓబయ్య కొత్త ఇల్లు ఎవరిని అడిగినా చెబుతారు. గేటు పక్కన నల్లరాతి ఏనుగు ఉంటుంది. పక్కింటి శిల్పి ప్రభుదాసు ఏడాదిపాటు చెక్కిన ఏనుగు అది. బావ కారు ఆగడం చూసి ఓబయ్య చెప్పులు లేకుండానే పరిగెత్తుకొచ్చాడు. అక్క చెప్పిన అబద్ధం పుణ్యమా అని, బావ కోపం తీరిందనే అతని నమ్మకం. లోపలున్న భార్యకూ వినబడేలా కేకేశాడు.

"రా బావా, రా! సిరీ, బావొచ్చినాడు, సంగటి కెలుకు! కోడిని పట్టమను!"

"నేను తినేకి రాలేదు. నీ ఇన్సూరెన్సు క్యాన్సిల్ చెయ్యి, పోతా."

ఓబయ్య ముఖం వాడిపోయింది. "నువ్వే కట్టమన్నావని అక్క చెప్పె కద బావా?"

"మీ అక్క చానా చెప్తాది."

ఓబయ్యకు నిజంగానే కళ్లు చెమర్చాయి. కానీ అతనూ ఆ ఇంట్లో పుట్టినవాడే, మొండితనంలో అక్కకు తీసిపోడు. "సరే బావా, క్యాన్సిల్ చేస్తా. ముందు తిను. మా ఇంటికొచ్చి మద్దేన్నం పూట ఆకలితో పోతే ఊళ్లో నన్నేమంటారు?"

"ముందు క్యాన్సిల్."

"ముందు సంగటి."

ఎండ నడినెత్తికొచ్చింది. లోపల నాటుకోడి పులుసు ఉడికి, వాసన గేటు దాకా వచ్చి నరసింహులును పలకరించింది. దోసె కూడా పడని కడుపు గట్టిగా బదులిచ్చింది. ఓబయ్య భార్య సిరి రెండుసార్లు బయటికొచ్చి "అన్నా, సంగటి ఆరిపోతాంది" అంది. ఇరుగుపొరుగు చేరారు. కొందరు తినమన్నారు, కొందరు అల్లుడన్నాక ఆ మాత్రం పట్టు ఉండల్ల అన్నారు. ఆ మాట విన్నాక నరసింహులుకు తినే దారి లేకుండా పోయింది.

"నీ అర్జీ వద్దు, నీ సంగటీ వద్దు!" అని కారెక్కి, అదే ఊపులో రివర్సు గేరు వేశాడు.

వెనక రాతి ఏనుగు ఉన్న సంగతి కోపంలో గుర్తు లేదు. పెద్ద చప్పుడైంది. ప్రభుదాసు అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చి తొండం, చెవులు, దంతాలు తడిమి చూసి, "భయపడొద్దప్పా, ఏనుక్కేం కాలే," అని అందరికీ ధైర్యం చెప్పాడు. కారు డిక్కీ మాత్రం లోపలికి ముడుచుకుపోయింది.

నరసింహులు తొణకలేదు. దిగి, చొక్కా సర్దుకున్నాడు. "పోతే పోనీ. నాకు ఆన్‌లైన్ ఇన్సూరెన్సు ఉండాది. ఎవురి దయా అక్కర్లేదు," అని అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి చందనకు ఫోను చేశాడు. "అమ్మీ, మన పాలసీ నంబరు చెప్పు. బండికి దెబ్బ తగిలింది."

చందన గొంతు తగ్గించింది. "నాయనా... అది పొద్దున్నే క్యాన్సిల్ అయిపోయింది. అమ్మ చేపిచ్చింది. నీకు ఫోన్ చేస్తే కట్ చేస్తాంటివి."

ఆళ్లగడ్డలో ఆ వీధి వీధంతా వింది. నరసింహులు ఫోను జేబులో పెట్టుకున్నాడు. డిక్కీ వైపు చూశాడు. బామ్మర్ది వైపు చూడలేక ఏనుగు వైపు చూశాడు. ఇప్పుడు ఈ బండికి లోకంలో మిగిలిన ఇన్సూరెన్సు ఒక్కటే. దాన్ని రద్దు చేయించడానికే ఆయన ఇంత దూరం వచ్చాడు.

"బావా," అన్నాడు ఓబయ్య చాలా వినయంగా, "క్యాన్సిల్ అర్జీ ఇప్పుడే పెట్టేదా?"

నరసింహులు గుమ్మంలో నిలబడ్డ సిరి వైపు తిరిగాడు. "అమ్మా సిరీ, కాళ్లు కడుక్కునేకి నీళ్లు యాడుండాయి?"

సాయంత్రం బస్సుకు ఉమామహేశ్వరమ్మ, చందన కూడా దిగారు. అక్కాతమ్ముళ్లు వసారాలో కూర్చుని ఇన్ని నెలల కబుర్లూ ఒక్క రాత్రిలో చెప్పుకున్నారు. ఆమె నవ్వు వింటూ పడుకున్న నరసింహులుకు తన మీద తనకే కాస్త సిగ్గేసింది, తెల్లవారేసరికి తగ్గిపోయింది. కారు బాగుచేయించే డబ్బు ఓబయ్య తన ఇన్సూరెన్సు కంపెనీ నుంచే రాబట్టాడు. ఆన్‌లైన్ కంపెనీ వెనక్కిచ్చిన డబ్బు మాత్రం నేరుగా ఉమామహేశ్వరమ్మ చీటీ పాటలోకి వెళ్లింది, దాని గురించి అడిగే ధైర్యం ఆయన చేయలేదు.

ఇప్పుడు అంగడికొచ్చే రైతులకు నరసింహులు యూరియాతో పాటు ఒక సలహా కూడా ఉచితంగా ఇస్తున్నాడు: ఆన్‌లైన్‌ను నమ్మి చెడొద్దని, ఇన్సూరెన్సు ఇంటి మనిషి దగ్గరే చేయించుకోవాలని, తాను మొదటి నుంచీ అంతేనని.