దొర పొగాకులో తీపి

1939 జనవరి 11, బుధవారం. ఉదయం ఏడున్నరకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఇంజనీరు దొర తన బంగళా వరండాలో పైపు వెలిగించి, రెండు దమ్ములు లాగి, మూడో దమ్ముకు ముందే దాన్ని గులాబీ మొక్కల్లోకి విసిరేశాడు.

"హమారా తంబాకూ మే శక్కర్ కౌన్ డాలా?" అని అరిచాడు.

వంటవాడు ముత్తన్న చాయ్ కప్పుతో ఎదురుగా నిలబడి ఉన్నాడు. తంబాకులో చక్కెర ఎవరు కలిపారో అతనికి తెలియదు. ఆ మాటే చెప్పాడు. దొర నమ్మలేదు. లండన్ నుంచి ఓడలో బొంబాయికి, అక్కడి నుంచి రైలులో బోధన్‌కు వచ్చిన డబ్బా అది. అసలు సరుకు బజార్లో అమ్ముకుని, డబ్బాలో తియ్యటి హుక్కా తంబాకు నింపావని ముత్తన్న మీద నేరం మోపాడు. గురువారం సాయంత్రం నాలుగులోగా నిజం చెప్పాలి. చెప్పకపోతే ముత్తన్న, అతని భార్య, అతని తల్లి ముగ్గురూ బంగళా వెనక గది ఖాళీ చేసి పోవాలి.

భార్య గంగమణి ఆ మధ్యాహ్నమే రైలెక్కి నిజామాబాద్ వచ్చింది. బీడీల కార్ఖానాలో పనిచేసే అన్న లక్ష్మీరాజం ముందు నిలబడి ఏడ్చింది.

లక్ష్మీరాజానిది కట్టల్లోంచి వంకర బీడీలు ఏరి పారేసే పని. పదిహేనేళ్లుగా అదే పని కాబట్టి ఏది వంకరో చూడగానే తెలుస్తుంది. అయినా హన్మాండ్లుతో స్నేహం మానలేదు.

హన్మాండ్లు అదే కార్ఖానాలో తంబాకు కలుపుతాడు. గంగమణి ఏడుపు విని, చేతులు దులుపుకోకుండానే వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఏడ్వకు చెల్లె! ఈ జిల్లాల నేరం జేసినోనికి రెండే తొవ్వలు. ఒకటి జేలుకు వోతది, రెండోది నా కాడికి వస్తది. నాది బుర్ర గాదు, కత్తి! నాది ముక్కు గాదు, కొత్వాలు! హైదరాబాదుల పెద్దపెద్ద జాసూసులున్నరంటరు. వాళ్లు నా పేరు ఇనలేదు గాబట్టి ఇంక కొలువులు జేస్తున్నరు."

"పోయిన నెల పోయిన నీ గొడుగు సంగతేంది?" అని లక్ష్మీరాజం అడిగాడు.

"గది విచారణల ఉన్నది."

గొడుగు హన్మాండ్లు ఇంట్లో తలుపు వెనకే ఉంది. లక్ష్మీరాజం మూడుసార్లు చూపించాడు. సాక్ష్యాలను ముట్టుకోవద్దని హన్మాండ్లు మూడుసార్లు హెచ్చరించాడు.

మర్నాడు పొద్దున ముగ్గురూ బోధన్ రైలెక్కారు. హన్మాండ్లు ధోవతి మీద నల్లకోటు వేసుకున్నాడు. జేబులో గడియారాలు బాగుచేసే ఆశన్న దగ్గర అరువు తెచ్చిన భూతద్దం ఉంది. స్టేషన్ బయట ఫ్యాక్టరీ దాకా ఎడ్లబండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. హన్మాండ్లు ఆగాడు.

"లక్ష్మీరాజం, గిన్ని బండ్లు ఒక్క దిక్కే వోతున్నయంటే ఏదో ఉన్నది."

"చెరుకు ఉన్నదన్నా" అంది గంగమణి.

"పైకి చెరుకే చెల్లె. పైకి ఎప్పుడూ చెరుకే ఉంటది."

పదకొండు గంటలకు బంగళా చేరారు. దొర ఫ్యాక్టరీలో ఉన్నాడు. ముత్తన్న డబ్బా తెచ్చి వరండాలో పెట్టాడు. అతని కళ్లు వాచి ఉన్నాయి.

డబ్బాలో మూడు రంగుల ఆకు కలిసి ఉంది. అతిథులు వచ్చినప్పుడు దొర చెప్పే మాటలు ముత్తన్నకు కంఠతా వచ్చు. నల్లది సైప్రస్ దేశానిది. పసుపుపచ్చది అమెరికాది. సన్నపాటిది టర్కీది.

"తీపి గానీ అత్తరు గానీ కలుపరట బావా. ఆకు రుచి ఆకుదే ఉండాల్నంట. దొర పైపు తాగుడంటే పూజ జేసినట్టే. ముప్పావుగంట పడతది. మాట్లాడడు, కదులడు. నేను గుమ్మంల నిలబడి దమ్ములు లెక్కవెడుత. నిమిషానికి ఒక్కటి."

"ఒక్కటే?" అన్నాడు హన్మాండ్లు. "నిమిషానికి ఒక్క దమ్ము గుంజితే బీడీ ఆరిపోతది. తాగుడు రాదు దొరకు."

డబ్బాలో ముక్కు పెట్టాడు. అరనిమిషం తరువాత తీశాడు.

"రెండు వాసనలు. ఒకటి కాలిన వాసన. నిప్పు ముట్టియ్యకముందే పొగ వాసన వస్తున్నదంటే ఏంది అర్థం? గోదాము కాలింది! ఎవడో కాల్చిండు! రెండోది తీపి. తీపి ఎందుకు కలుపుతరు లక్ష్మీరాజం?"

"తియ్యగుంటదని."

"చేదు తెల్వకుండ ఉంటదని! విషం చేదు! గిది దొంగతనం గాదు, హత్యాప్రయత్నం! దొర పోతే లాభమెవలికి? ఫ్యాక్టరీ మిషన్ల నక్షలు ఎవలికి గావాలె? జర్మనీకి!"

ముత్తన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నిన్నటి దాకా అతని మీద ఉన్నది దొంగతనం ఒక్కటే.

రాసుకోవడానికి బల్ల కావాలని హన్మాండ్లు చుట్టూ చూశాడు. పెరటి గోడ మీద చాట ఒకటి ఆరేసి ఉంది. దాన్ని తెచ్చి బోర్లించి ఒళ్లో పెట్టుకుని, దాని మీద నోటుబుక్కు తెరిచాడు.

"ముత్తన్నా, మంగళారం పొద్దుగాల ఎక్కడున్నవ్?"

"అంగట్ల అన్నా. వంకాయలు కొంటున్న."

"సాక్ష్యం?"

"వంకాయలే."

"ఏవి?"

"దొర తిన్నడు."

హన్మాండ్లు లక్ష్మీరాజం వైపు చూసి కన్ను గీటాడు. 'సాక్ష్యాన్ని మాయం చేశారు' అని రాసుకున్నాడు.

అప్పుడే ముత్తన్న తల్లి ఈరవ్వ వెనక గదిలోంచి వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. చెవి మీద మోదుగాకు చుట్ట ఉంది.

"కొడుకా, గా చాట నాది. బియ్యం చెరుగాలె."

"అవ్వా, విచారణ నడుస్తున్నది. ముసలోళ్లు పక్కకు జరుగుండ్రి."

"విచారణ జెయ్యి బిడ్డా, వద్దంటలే. చాట ఇయ్యి."

"ఇయ్య. చాట ఇప్పుడు సర్కారీ పనిల ఉన్నది."

ఈరవ్వ లోపలికి పోయింది.

పన్నెండున్నరకు పరీక్ష మొదలైంది. ఏడూళ్ల తంబాకును కళ్లు మూసుకుని చెప్పగల నాలుక తనదని, విషం ఏ దేశానిదో ఒక్క పైపుతో తేలుస్తానని హన్మాండ్లు ప్రకటించాడు. వద్దని లక్ష్మీరాజం రెండుసార్లు చెప్పాడు. ముత్తన్న దొర పాత పైపు తెచ్చి ఇచ్చాడు. హన్మాండ్లు బస్తా తొక్కినట్టు బొటనవేలితో తంబాకు కూరి, అగ్గిపుల్ల గీశాడు.

బీడీ తాగేవాడికి ఒకటే భయం, ఆరిపోతుందని. అందుకే వదలకుండా, గుండెల దాకా లాగుతాడు. హన్మాండ్లు పైపును అట్లాగే లాగాడు. నాలుగు నిమిషాల్లో ఇరవై రెండు దమ్ములు. లక్ష్మీరాజం లెక్కపెట్టాడు.

ఐదో దమ్ముకు హన్మాండ్లు, "పుల్లగున్నది. టర్కీ చెయ్యి ఉన్నది" అన్నాడు.

పన్నెండో దమ్ముకు, "నాలికె గాలింది. రాసుకో" అన్నాడు.

పదిహేడో దమ్ముకు నవ్వడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే వరండా స్తంభాలు గుండ్రంగా తిరుగుతున్నాయని, అందులో ఒకటి తనకు సలాం చేసిందని చెప్పాడు. స్తంభానికి ఎదురు సలాం చేశాడు. ఇరవై రెండో దమ్ముకు ముఖం ఆకుపచ్చగా అయింది. నిలబడబోయి, వరండా పక్కన వాల్చిన నులకమంచం మీద పడ్డాడు.

"విషం! లక్ష్మీరాజం, నేను పోతున్న. మరణ వాంగ్మూలం రాసుకో."

లక్ష్మీరాజం చాట ఒళ్లోకి తీసుకుని పెన్సిలు పట్టాడు.

"నా పేరు హన్మాండ్లు. పనిమీద చచ్చిపోతున్న. ఆశన్న భూతద్దం ఆశన్నకియ్యి. నా గొడుగు దొరికితే..."

"తలుపు ఎన్క ఉన్నది."

"గది కోర్టు తేలుస్తది. మంచం ఎందుకు ఊపుతున్నరు? నన్ను గోదావరిల ఎందుకు దింపిండ్రు?"

గంగమణి కేక పెట్టింది. ముత్తన్న రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. కేక విని ఈరవ్వ వచ్చింది. హన్మాండ్లు కనురెప్ప ఎత్తి చూసింది, పైపు వాసన చూసింది, లోపలికి పోయి ఉప్పు వేసిన చింతపండు నీళ్లు చెంబుతో తెచ్చి అతని నోట్లో పోసింది.

"విషం గాదు, గిషం గాదు. తంబాకు తలకెక్కింది. అగో, గంత గుంజుతరా? రెండు నీళ్లల్ల కడిగినా దాని ఘాటు పోలేదంటే అర్థమైతలేదా!"

లక్ష్మీరాజం పెన్సిలు ఆగింది.

"ఏమంటివి అవ్వా? కడిగినవా?"

"కడగకుంటే ఎట్ల నాయనా? మంగళారం దొర గది ఊడ్వవోయిన. డబ్బా మూత తీసున్నది. కాలిన కొట్టం వాసన! ఏ షావుకారో కాలిన సరుకు దొరకు అంటగట్టిండు అనుకున్న. దేశంగాని దేశం వచ్చినోడు, మంచిచెడ్డ చెప్పేటందుకు ఎవలున్నరు ఆయనకు? రెండు నీళ్లల్ల కడిగి చాటల ఎండబోసిన. వాసన పోకపాయె. బెల్లం నీళ్లు చిలుకరించి మళ్ల డబ్బాల పోసిన. మా బాపు చుట్టలకు గట్లనే జేస్తుండె."

లక్ష్మీరాజం చాటను తిప్పి చూశాడు. లోపలంతా కాఫీరంగు మరకలు ఉన్నాయి.

"నిన్నటి సంది గింత లొల్లి అయితుంటే చెప్పవేందే అవ్వా!" అన్నాడు ముత్తన్న.

"నన్నెవలడిగిండ్రు? దొంగతనం అయిందన్నరు. నేను దొంగతనం జెయ్యలే."

మంచం మీది నుంచి గొంతు వినిపించింది. "నేను మొదటి సంది ఈ ముసల్దాని మీద్నే కన్నేసిన."

కేసు తేలింది గానీ ముత్తన్న లేవలేదు. దొర ఎంతసేపు నిలబెట్టి అడిగినా తల్లి పేరు చెప్పనని అన్నాడు. తానే అమ్ముకున్నానని ఒప్పుకుంటాడట. కొలువు ఎట్లాగూ పోతుంది, ముసలామెను దొర ముందు ఎందుకు నిలబెట్టాలి?

"నువ్వు దొంగవంటే నేను దొంగ తల్లినైత గదరా" అంది ఈరవ్వ. "సప్పుడు జెయ్యకు."

నాలుగు గంటలకు దొర వచ్చాడు. ముందు మంచం కనబడింది.

"యే కౌన్?"

"జాసూస్, సర్కార్" అన్నాడు లక్ష్మీరాజం.

"మర్ గయా?"

"అభీ నహీ, సర్కార్."

ఈరవ్వ మెట్ల దగ్గరికి వచ్చి జరిగిందంతా చెప్పింది. లక్ష్మీరాజం హిందుస్తానీలోకి మార్చాడు. కడిగిన దగ్గర దొర కళ్లు మూసుకున్నాడు. బెల్లం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. తరువాత లేచి లోపలికి పోయాడు. గంగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దొర కొత్త డబ్బా ఒకటి తెచ్చాడు. రూపాయి బిళ్లతో మూత లేపి ఈరవ్వ ముందు పెట్టాడు.

ఈరవ్వ వాసన చూసింది.

"సూడు, గిదీ కాలిందే! నిన్ను మళ్ల ముంచిండ్రు దొరా!"

లక్ష్మీరాజం ఆ మాటా చెప్పాడు. దొర తల అడ్డంగా ఊపాడు. నల్ల ఆకును కొట్టంలో వేలాడదీసి, కింద కట్టెల మంట పెట్టి, నెలల తరబడి పొగ పట్టిస్తారని చెప్పాడు. ఆ వాసన కోసమే పట్టిస్తారు.

"కావాల్ననే పొగబెడ్తరా?" అంది ఈరవ్వ. కాసేపు ఆలోచించింది. "మామిడికాయలకు పొగబెట్టి మాగేసినట్టు?"

లక్ష్మీరాజం అనువదించాడు. దొర కూడా కాసేపు ఆలోచించాడు.

"ఆమ్... హా. ఆమ్ కే మాఫిక్."

"గట్ల చెప్పాలె మరి! గట్లయితే నాదే తప్పు. మాగిన పండును తీస్కవోయి కడిగి పచ్చడి వెట్టిన."

ఆమె అడగకుండానే చిటికెడు తంబాకు తీసి, కొంగున ఉన్న మోదుగాకులో చుట్టి, వెలిగించి, మెట్టు మీద కూర్చుంది. దొర పైపు నింపాడు. ముత్తన్న గుమ్మంలో నిలబడ్డాడు. అలవాటుగా ఇద్దరి దమ్ములూ లెక్కపెట్టాడు. ఈరవ్వ పొగను నోట్లోనే ఉంచుకుని వదిలింది. నిమిషానికి ఒక దమ్ము.

"క్యా బోల్తీ?" అని దొర అడిగాడు.

"ముందుగల్ల దొడ్డి గాలినట్టున్నది" అంది ఈరవ్వ. "భయపడి పారేస్తే పాయె. ఓపిక వడితే ఎన్కనుంచి చెరుకుపాలు కాగేకాడ కూసున్నట్టున్నది. నడుమల సన్నగ పులుపు, ఎండిన రేగుపండు లెక్క. గది ఊకె ఉండది. వస్తది, పోతది, మళ్ల వస్తది."

లక్ష్మీరాజం ఒక్కో మాటా అప్పజెప్పాడు. దొర పైపు నోట్లోంచి తీశాడు. పదకొండేళ్లుగా ఇదే తంబాకు తాగుతున్నానని, టర్కీ ఆకు పులుపు పట్టుకున్నవాళ్లను ఇప్పటికి ఇద్దరినే చూశానని, ఈమె మూడో మనిషని అన్నాడు.

"నేనూ పట్టుకున్న" అని హన్మాండ్లు మంచం మీది నుంచి అన్నాడు.

"నువ్వు మంచం పట్టినవ్. పండుకో" అన్నాడు లక్ష్మీరాజం.

పైపు ఆరేసరికి నాలుగూ యాభై ఐదు అయింది. దొర దాన్ని దులిపి జేబులో పెట్టుకుని, బెల్లం చిలకరించిన పాత తంబాకు డబ్బా ఈరవ్వకు ఇచ్చేశాడు. టోపీ తీసుకుని రెండు మెట్లు దిగాడు. ఆగి, వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు.

"ముత్తన్నా. రాత్ కో ముర్గీ పకావ్."

ముత్తన్న వెంటనే కదలలేదు. గంగమణి వీపు మీద తట్టిన తరువాత కదిలి, పెరట్లోకి పరుగెత్తాడు. కోడి గోడ దూకింది. పారిపోయినవాళ్లను పట్టడం తన పని అని హన్మాండ్లు మంచం దిగి, నల్లకోటు సర్దుకుని, గోడకు అవతలి దిక్కున వెతకడానికి పోయాడు.

కోడి ఐదూ నలభైకి దొరికింది. ముత్తన్న పట్టాడు.