ఇరవైమూడో నంబరు డబ్బాతో సమరము

ధవళకాంతిప్రదాయినీ, కొరియాదేశసంభవా, అద్దముగల గుండ్రని డబ్బీలో తడి స్పంజిశయ్యపై పవళించు ఓ కుషన్ ఫౌండేషన్ మహాదేవీ! నీకు దూరమునుండియే ఒక దండము. నీ వాకిట జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను, అలుగకుము.

ప్రచండమార్తాండుడు నడినెత్తిన నిలిచి, బయట నిలిపిన స్కూటర్ల సీట్లను పెనములవలె కాల్చుచుండిన ఒకానొక ఆదివారమున, అలంకారసామగ్రి అంగడి గాజుతలుపులు తమంత తామే తెరచుకొనగా, శిష్యకోటి తొక్కవలసిన బ్రేకులన్నిటిని తన పాదముతోనే తొక్కి లోకమును కాపాడుచున్న వీరవనిత, డ్రైవింగు స్కూలు టీచరమ్మ ప్రవేశించెను. వెనుకనే ఆమె వదినగారు, ఏసీ కోసమై.

టీచరమ్మ కోరిక చిన్నది. దినమంతయు కారు కిటికీ పక్కన కూర్చుండు ఆమెకు ఎండకు అడ్డును, ముఖమునకు రంగును ఒక్కమారు అద్దుటతోనే కావలెను. పాఠమునకు పాఠమునకు నడుమ అంతకంటె తీరిక దొరకదు. రంగు మాత్రము తనదే కావలెను.

కౌంటరుపై పదమూడు, పదిహేడు, ఇరవైయొకటి, ఇరవైమూడు అను రంగుసంఖ్యలు దాల్చి నాలుగు డబ్బాలు వ్యూహము పన్ని నిలిచియుండెను. మొదటిది పాలు, రెండవది మీగడ, మూడవది వెన్న, నాలుగవది కొంచెము పాత వెన్న. మనుష్యజాతి అక్కడితో సమాప్తము.

“అన్నిటికన్నా డార్క్ ఇదే మేడమ్. మీకు పర్‌ఫెక్ట్!” అనుచు కౌంటరమ్మాయి ఇరవైమూడును ఎత్తి, సూర్యుడెరుగని మణికట్టు లోపలిభాగమున అద్దబోయెను. ఆ కౌంటర్లలో అదే ఆచారము, అదే మాయోపాయము.

“మణికట్టుతో కార్లు నేర్పనమ్మా. ఇక్కడ రాయి” అని టీచరమ్మ కిటికీవైపు దవడను చూపెను.

రాసిరి. హా! దవడ ఒక రాజ్యము, మెడ వేరొక రాజ్యమై, నడుమ సరిహద్దురేఖ తెల్లగా వెలసెను.

“బానే ఉందే, కాస్త తెల్లగా కనిపిస్తున్నావు. పోయేదేముంది?” అనెను వదిన.

“మెడ చూడు వదినా. తలకాయ ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టు లేదూ?”

“కాసేపాగితే కలిసిపోతుంది మేడమ్” అని కౌంటరమ్మాయి వేచెను. అందరును వేచిరి. కలియలేదు. అప్పుడామె, తాను వదలుచున్నది బ్రహ్మాస్త్రమని ఎరుగకయే, “మీ స్కిన్నే దీనికి సెట్ కావట్లేదు మేడమ్” అనెను.

టీచరమ్మకు ఒళ్ళు మండెను. పక్కవాడు ఎర్రలైటు దాటినప్పుడు కూడ పెంచని గొంతును ఆమె పెంచెను.

“చెప్పు పట్టకపోతే చెప్పు చిన్నదంటాం. కాలు తప్పంటామా? ఎండలో తిరిగేవాళ్ళకే కదమ్మా ఎండమందు కావాల్సింది! ఆ మందు కలిపారు, ఎండలో తిరిగేవాళ్ళ రంగు మాత్రం మర్చిపోయారు. తప్పు నా మొహానిదో మీ డబ్బాదో ఒక్క మాట చెప్పు. వెళ్ళిపోతాను.”

కౌంటరమ్మాయి అటునిటు చూచెను. ఆమె ముఖముపై కూడ ఇరవైమూడే రాజ్యమేలుచుండెను. చెవులు మాత్రము ఏ కంపెనీకిని లొంగక, నిగనిగలాడు సొంత నలుపుతో నిలిచియుండెను. ఆమె కౌంటరుమీదికి వంగి, గొంతు తగ్గించి, “డబ్బాదే మేడమ్. ఇందులో మీ రంగు లేదు. నాదీ లేదు. రోజూ ఇదే రాసుకు రమ్మంటారు” అనెను.

జయము! జయము! దుందుభులు మ్రోగలేదు, కొరియాలో ఎవరికిని తెలియలేదు, నాలుగు డబ్బాలును చోటు కదలలేదు. కాని యుగయుగములుగా ఒక చర్మముపై కూర్చున్న తప్పు, ఆ మిట్టమధ్యాహ్నము దిగివచ్చి, అరచేయంత ప్లాస్టిక్కు డబ్బాపై కూర్చున్నది. టీచరమ్మ దవడ తుడుచుకొని, ఏమియు కొనకయే, విజయలక్ష్మీసమేతయై ఎండలోనికి నడిచెను.