పదకొండు స్పీడ్‌బ్రేకర్లపై దండయాత్ర

ప్రచండ హారన్‌ఘోషకు దిక్కులు దద్దరిల్లుతుండగా, సూర్యభగవానుడు డిపో రేకుల కప్పు మీద తొలికిరణాల బాణపరంపర కురిపిస్తుండగా, ఒకానొక సోమవారపు శుభోదయాన, ఇరవై తొమ్మిదేళ్లుగా సిటీబస్సు రథాలు నడిపిన సారథిశ్రేష్ఠుడు, స్టీరింగుపాణి, తన ప్రోస్టేట్ గ్రంథిలో నక్కిన కేన్సర్ రాక్షసుణ్ణి వైద్యుల కత్తికి బలిచ్చి, పదకొండు వారాల అజ్ఞాతవాసం ముగించి, డిపో మేనేజరు ఎదుట నిలిచాడు.

రాక్షసుడు చచ్చాడు. చస్తూ చస్తూ కోట తలుపు గడియ ఊడబెరికి మరీ చచ్చాడు. ఇప్పుడు తుమ్మితే మూత్రం చుక్క, దగ్గితే చుక్క. ఇక నవ్వితే చెప్పనే అక్కర్లేదు. హతవిధీ!

"ఒక్క ట్రిప్పు వేసి చూపించండి. కుదరకపోతే ఆఫీసులో కూర్చుందురు గాని" అన్నాడు మేనేజరు.

"ప్రాణముండగా ఈ బాహువులు స్టీరింగు విడువవు! బల్ల వెనక కాగితాలకు పిన్నులు గుచ్చే బతుకు నాకు వలదు!" అని సింహంలా గర్జించబోయి, గర్జిస్తే ఏమవుతుందో గుర్తొచ్చి, వీలైనంత మెల్లగా గర్జించాడు.

ఆ వీరుడికి మరో గాయం కూడా ఉంది. దాని గురించి ఆసుపత్రిలో భార్యే నోరు విప్పింది.

"డాక్టరుగారూ, మా ఇద్దరి సంగతేంటి మరి?"

సారథి శత్రువ్యూహాన్ని పరిశీలిస్తున్నంత శ్రద్ధగా సీలింగు ఫ్యాను వంక చూశాడు.

"నరాలు దెబ్బతిన్నాయమ్మా. ఏడాది పైనే పట్టొచ్చు. మునుపటిలా రాకపోనూ వచ్చు. మాత్రలున్నాయి, వేరే దారులూ ఉన్నాయి."

ఆనాటి నుంచి ఆమె చెయ్యి తగిలితే చాలు, మన్మథుడి చేతిలో ఓడిన రాజులా ఉలిక్కిపడి దుప్పటి సర్దుకునేవాడు.

సరే, లోదుస్తుల్లో ప్యాడ్ అనే కవచం ధరించి రథమెక్కాడు. నలభై నిమిషాల దారి, పదకొండు స్పీడ్‌బ్రేకర్లు! ఒక్కొక్కటి ఎదురైనప్పుడల్లా ఫిజియోథెరపీ అమ్మాయి ఉపదేశించిన మంత్రాన్ని జపించాడు: బిగించు, పది లెక్కపెట్టు, వదులు. ఎనిమిది పర్వతాలు దాటాడు. తొమ్మిదో దాని ముందు ఒక ఆటో అడ్డంగా దూరింది. బ్రేకు! అదే క్షణాన ముందు సీటులోని ముసలాయన నస్యం డబ్బా మూత తీశాడు. సారథి నాసికారంధ్రాలలో మహాప్రళయం మొదలైంది.

అంతా తెలిసిన కండక్టరమ్మ పరుగున వచ్చింది. "అన్నా, బండి పక్కకు ఆపండి. టైరు చూస్తున్నారని చెప్తాలే."

"వద్దమ్మా! ఆపితే రేపు మేనేజరుకు నా మొహం ఎలా చూపించను?"

పళ్లు బిగించాడు, తొడలు బిగించాడు, బిగించాల్సింది బిగించాడు. భూనభోంతరాళాలు అదిరేలా తుమ్మాడు. నస్యం డబ్బా ముసలాయన చేతిలోంచి ఎగిరిపడింది. మిగతా మూడు స్పీడ్‌బ్రేకర్లనూ అదే మంత్రబలంతో దాటించాడు.

చివరి స్టాపులో మరుగుదొడ్డిలోకి దూరి, తలుపు గడియ వేసి, యుద్ధభూమిని స్వయంగా తనిఖీ చేసి, భార్యకు ఫోను చేశాడు.

"మూడే! మూడంటే మూడే చుక్కలు!"

"నిజంగా? అబ్బ, ప్రొద్దుట్నుంచి గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నానండీ!"

విజయగర్వంతో కాస్త ధైర్యం వచ్చింది. "మరి... ఆ మాత్రల సంగతి... అవి పని చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే చెయ్యవు. ముందు మీరు అటు తిరిగి పడుకోవడం మానండి. మీకు పెళ్లయింది గోడతోనా, నాతోనా?"

వారాల తరబడి నవ్వుకు దూరంగా ఉన్న మహావీరుడు మరుగుదొడ్డి దద్దరిల్లేలా నవ్వాడు. నాలుగో చుక్క రాలింది. యుద్ధం ముగిశాక రాలినది లెక్కలోకి రాదని అక్కడికక్కడే శాసనం చేసి బయటికి వచ్చాడు.

"సార్, అన్న వచ్చేశారు. రెండో ట్రిప్పూ ఆయనకే రాసుకోండి!" అని కండక్టరమ్మ డిపోకు ఫోనులో చాటుతుండగా, త్రిబిందు విజేత రథం ఎక్కాడు.