గంభీరప్ప నేర్చిన ఇటాలియన్

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న వాగు, ఆ వాగుకో మట్టికట్ట, ఆ కట్టను చూసుకోవడానికో చాలా పెద్ద కార్యాలయం ఉండేవి.

కార్యాలయానికి అధికారి గంభీరప్ప అనే అడవిదున్న. కట్ట ఏ వైపుందో అడిగితే చెప్పలేడు గాని, కుర్చీలో కూర్చోవడం మాత్రం బాగా వచ్చు.

ఆ ఏడాది అన్ని కార్యాలయాలకూ కలిపి ఒక నాయకుణ్ణి పెట్టాలని పెద్దసభ నిర్ణయించింది. ‘నాయకత్వం గురించి పరదేశి భాషలో మాట్లాడగలవారికే ప్రాధాన్యం’ అని కూడా చాటించింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఒక ఇటలీ దొర పంజరంలో మూడేళ్ళున్న చంచల అనే చిలుకను గంభీరప్ప పిలిపించాడు. పాఠాలు మొదలయ్యాయి.

“గ్విదారె లా స్క్వాద్రా. అంటే జట్టును ముందుండి నడిపించడం, అయ్యగారూ.”

“ముందుండా? కూర్చుని నడిపించడానికి మాట లేదా?”

“దెలెగారె ఉంది. పని ఇంకొకరికి అప్పగించడం.”

“ఇంత మంచి మాట ఇన్నాళ్ళూ మన అడవికి రాకపోవడం మన దురదృష్టం!”

అంతలో సుగ్గులమ్మ అనే నీటికుక్క తడి ఒంటితో పరుగెత్తుకొచ్చింది. కట్ట మీద కాపలా ఉద్యోగం ఆమెది.

“అయ్యా, కట్ట అడుగున బుంగ పడింది. ఎల్లుండికల్లా తెగుతుంది. రాళ్ళు దొర్లించాలి. ఆ నలుగురు దున్నల్నీ నాతో పంపండి.”

ఆ నలుగురూ పాఠం చెడకుండా గుమ్మం దగ్గర కాపలా ఉన్నారు.

“దెలెగారె!” అన్నాడు గంభీరప్ప.

“అంటే?”

“నీకే అప్పగించాను. వెళ్ళు.”

సుగ్గులమ్మ ఒక్కతే రెండు పగళ్ళు మట్టి మోసింది. మూడోనాడు కట్ట తెగింది. పల్లంలో కుందేళ్ళ బొరియలు మునిగాయి. పదకొండు పిల్లల్ని నోట కరిచి ఒడ్డుకు చేర్చింది సుగ్గులమ్మ. పన్నెండోది దొరకలేదు.

పెద్దసభ విచారణకు కూర్చుంది. సభాపతి ముసలి ఎలుగుబంటి అడిగాడు: “కట్ట ఎందుకు తెగింది?”

గంభీరప్పకు చంచల చివరి పాఠంలో చెప్పిన వాక్యమొకటి గుర్తొచ్చింది. అర్థం చెప్పే వేళకు ఆయన కునుకులో ఉన్నాడు గాని, మాటలు మాత్రం కంఠతా వచ్చు. ఛాతీ విరిచి అన్నాడు:

“లా కోల్పా ఎ తుత్తా మియా!”

సభ చప్పట్లతో మోగిపోయింది.

“అంటే ఏమిటండీ?” అంది సుగ్గులమ్మ.

ఎలుగుబంటి, గంభీరప్ప వెంట వచ్చిన చిలుక వైపు చూశాడు.

“తప్పంతా నాదే, అని,” అంది చంచల.

గంభీరప్ప ఒక అడుగు వెనక్కి వేశాడు. “నేనా? నేనట్లా అన్నానా?”

ఎలుగుబంటి కళ్ళు తుడుచుకున్నాడు. “నలభై ఏళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. తప్పు నాదన్న అధికారిని ఇవాళే చూశాను. అదీ ఇటాలియన్‌లో! ఇంతకంటే మంచి నాయకుడు మనకెక్కడ దొరుకుతాడు?”

“మరి నా బిడ్డ?” అంది వెనక వరసలోని తల్లి కుందేలు. ఆమె తెలుగులో అడిగింది గనుక ఎవరికీ వినపడలేదు.

కొత్త నాయకుడి మొదటి ఉత్తర్వు ఆ సాయంత్రమే వచ్చింది: సిబ్బంది అంతా ఇటాలియన్ నేర్చుకోవాలి, కట్ట మరమ్మతు ఆ తర్వాత చూద్దాం.

ఈ కథలో నీతి కావాలంటే ఇదిగో: తప్పు ఒప్పుకున్నవాడికి పదవి తప్పదు, మన భాషలో ఒప్పుకోనంత వరకు.