మూరెడు చోటు

భార్య కుట్టుమిషన్‌ను కోడలు మూరెడు పక్కకు జరిపింది. అది తప్పు. ఆ విషయంలో ఊళ్లో తాళాలు బాగుచేసే తాళాలాయనకు రెండో ఆలోచన లేదు.

జరిపింది యోగా చాప పరుచుకోవడానికి. ఆయన భార్య ఏళ్ల తరబడి ఆ మిషన్ మీద వంగి వంగి నడుము పాడుచేసుకుంది. ఆసుపత్రివాళ్లు యోగా చేయించమంటే, కోడలు వెళ్లి నేర్చుకొచ్చి అత్తను పక్కన కూర్చోబెట్టుకుని చేయించింది. అత్త పోయింది. కోడలు మానలేదు. మందుల దుకాణంలో ఉద్యోగం వదిలేసి, ఇంటి గోడ పక్కనే ఉన్న హాల్లో పదిమందికి నేర్పడం మొదలుపెట్టింది. మూడేళ్లుగా తెల్లవారగానే గోడవతల ఆమె గొంతు: “ఊపిరి వదలండి. నొప్పితో పోట్లాడకండి.” పొద్దున్నే ఆ మాటలు చెవిన పడటం రెండో తప్పు.

ఆ ఉదయం తాళాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. స్నానాలగది తలుపు పిడి కిర్రుమంటోంది, నూనె వేయాలి. రెండువైపుల పిడులూ ఊడదీశాడు. వాటిని కలిపే ఇనుపకడ్డీ తుడిచి పట్టుకుని, నూనె కోసం వంటింట్లోకి వెళ్లాడు. వచ్చేసరికి తలుపు మూసుకుపోయి ఉంది. లోపల కోడలు.

“మామయ్యా, పిడేదీ?”

“పిడి లేని తలుపు ఎవరన్నా వేసుకుంటారా?”

“నేను వేయలేదు, గాలికి పడింది! తొందరగా తీయండి. ఆసుపత్రి పెద్ద నర్సు ఇవాళ నా క్లాసు చూడ్డానికి వస్తోంది. నచ్చితే నడుమునొప్పి వార్డు నాకిస్తుంది. ఇంకోసారి రాదావిడ.”

ఆయన కడ్డీ దూర్చి తిప్పాడు. గడియ సగంలో ఇరుక్కుంది. ఎంతోమంది ఇళ్ల తాళాలు తీసిన చేతికి సొంతింటి తలుపు లొంగలేదు. కొడుకు సుత్తి తెచ్చాడు.

“సుత్తి తాకిందా, నీ చెయ్యి విరుగుతుంది” అన్నాడు తాళాలాయన.

“మామయ్యా, తలుపు సంగతి మీ అబ్బాయి చూస్తారు. మీరు హాలుకెళ్లి, ఆవిడ వెళ్లిపోకుండా కూర్చోబెట్టండి. మీకు దణ్ణం పెడతాను.”

తను ఇరికించిన మనిషి అడిగింది. కాదనడానికి లేకపోయింది. వెళ్లాడు.

హాల్లో పదిమంది చాపల మీద కూర్చుని ఉన్నారు. వెనక గోడ దగ్గర తెల్లకోటులో పెద్ద నర్సు. కుర్చీ నిండా ఉంది, ముఖం గంటు పెట్టుకుని ఉంది.

“మా కోడలు వస్తోంది. ఈలోగా నన్ను పంపింది. ఎవరూ కదలొద్దు” అన్నాడు తాళాలాయన.

“టీచరమ్మ మామగారు. ఈయన దగ్గరే నేర్చుకుని ఉంటుంది” అని వాళ్లలో రొట్టెలు కాల్చేవాడొకడు పక్కవాడి చెవిలో ఊదాడు. ఆ మాట నర్సుదాకా పోయింది.

అప్పుడు తాళాలాయన చెయ్యి జేబులోకి వెళ్లింది. కడ్డీ తనతోనే వచ్చేసింది. అది లేకుండా కొడుకు ఆ తలుపు తీయలేడు. గబుక్కున బయటికి లాగబోయాడు. జేబుకు చిరుగుంది, మూడేళ్లది. కుట్టే మనిషి లేదు. కడ్డీ ఆ చిరుగులోంచి జారి, దొర్లుకుంటూ గోడవారనున్న బీరువా కిందికి పోయింది.

ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పాఠం మొదలైందనుకుని పదిమందీ అలాగే కూర్చున్నారు. అరచేతులు నేలకు ఆనించాడు, చెంప ఆనించాడు, ఒక చెయ్యి బీరువా కిందికి చాచాడు. ఇరవై చేతుల్లో పది చాచుకున్నాయి.

“ఇంకాస్త లోపలికి...” అని గొణిగాడు.

“మనసు లోపలికా అండీ?” అన్నాడు రొట్టెలాయన.

“నోరు ముయ్యవయ్యా, వెతకనీ!”

“మౌనం” అని ఎవరో గుసగుసలాడారు. హాలంతా నోరు మూసుకుని వెతుక్కోవడం మొదలుపెట్టింది.

అంతలో నడుము పట్టేసింది. లేవబోతే ప్రాణం పోయినంత పనైంది. పడుకోబోతే అదీ కుదరలేదు. చెంప నేలమీద, నడుము గాలిలో. ఆ అవస్థలో గోడవతలి గొంతు గుర్తొచ్చింది. వేరే దారి లేక ఆ మాటలే పైకి అన్నాడు.

“ఊపిరి వదలండి. నొప్పితో పోట్లాడకండి. అది ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగండి. ఇప్పుడు మోకాలు దగ్గరికి... తొందరేం లేదు, మిమ్మల్నెవరూ తరమడం లేదు.”

మాట మీద మాట పెట్టుకుని, గోడెక్కినట్టు ఎక్కి, నిటారుగా నిలబడ్డాడు. పదిమందీ నిలబడ్డారు. పదకొండో మనిషి పెద్ద నర్సు. ఎప్పుడు కిందికి దిగిందో ఎవరూ చూడలేదు.

“ఎన్నాళ్లకో ఏదీ పట్టుకోకుండా లేచాను” అంది ఆమె. “వార్డు మీదే.”

సరిగ్గా అప్పుడే కోడలు పరుగెత్తుకొచ్చింది. జుట్టునిండా సాలెగూడు, మోచెయ్యి గీరుకుపోయి ఉంది.

“తలుపు తీశాడా వాడు?” అన్నాడు తాళాలాయన.

“లేదు మామయ్యా. పైకిటికీలోంచి వచ్చాను.”

ఆ కిటికీ ఆయన పెట్టించిందే. పిల్లి కూడా దూరకూడదని కొలిచి మరీ పెట్టించాడు. భుజం ఎలా తిప్పితే, ఊపిరి ఎంత వదిలితే అందులోంచి మనిషి వస్తుందో ఆయనకు లెక్క అందలేదు. తను మూసిన చోటి నుంచి బయటపడ్డ మనిషిని ఆయన అంతవరకు చూడలేదు.

“ఆలస్యమైందమ్మా. వార్డు మీ మామగారికి ఇచ్చేశాను” అంది నర్సు.

కోడలు ముఖం పాలిపోయింది. “మంచిదేనండీ” అంది. ఆమె జరిపిన మూరెడు చోటుకు వార్డంతా చెల్లు. తాళాలాయన ఊరుకుంటే చాలు. ఆయన చూపు ఆ గీరుకుపోయిన మోచెయ్యి మీద ఆగింది.

“నాకు యోగా రాదు” అన్నాడు. “కడ్డీ పడితే వంగాను, నడుము పట్టేసింది. లేచింది ఈ అమ్మాయి మాటల మీద. మూడేళ్లు గోడ ఇవతల కూర్చుని విన్నాను. మా ఆవిడ చివరి ఏడాది నిటారుగా కూర్చుని అన్నం తిందంటే, అదీ ఈ అమ్మాయి చలవే. టీచరు ఈవిడ. చూస్తారేం? ఆ బీరువా జరపండి.”

కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంటే, ఉన్న సాలెగూడు కాస్తా ముఖానికంటుకుంది.

నర్సు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “అయితే వార్డు ఆవిడకే. ముసలాళ్లను మాత్రం మీరు చూడండి. ఆవిడ బతిమాలితే వాళ్లు లేవరు. మీరు కసిరితే లేస్తారు.”

ఇంటికొచ్చేసరికి కొడుకు ఇంకా తలుపు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. “ఎంత పిలిచినా పలకడం లేదు నాన్నా. అలిగినట్టుంది.”

మర్నాడు తెల్లవారేసరికి కుట్టుమిషన్ ఇంకో మూరెడు పక్కకు జరిగి ఉంది. కోడలి చాప పక్కన రెండో చాప.

“ఎవరు జరిపారు నాన్నా?” అన్నాడు కొడుకు.

“ఆ సంగతి ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తొద్దు” అన్నాడు తాళాలాయన, రెండో చాప మీద చెంప నేలమీంచి ఎత్తకుండానే.