పసుపు పెట్టిన పాత పంచె

అత్తగారు వచ్చే పడవ మధ్యాహ్నానికి ధవళేశ్వరం లాకుల దగ్గర ఆగుతుంది. కోనసీమ నుంచి రావాలంటే కాలవే దారి అయిన రోజులు. ఆలోగా పంచె పని పూర్తిచేయాలని మాణిక్యాంబ తెల్లవారగానే సూది పట్టుకుని కూర్చుంది. పంచె ఆమె భర్త భాస్కరానిది. అతను కాలవల ఆఫీసులో గుమాస్తా. రోజంతా బల్లకు రాసుకుని అది మోకాలి దగ్గర చిరిగింది. కిందటిసారి వచ్చినప్పుడు అత్తగారు వరహాలక్ష్మమ్మ ఆ చిరుగు చూసి ఒకే మాట అంది.

"ఈమాటు మావాడి ఒంటిమీద ఇలాంటిది కనబడిందంటే, వాణ్ణి చూసుకోడానికి నేనే ఇక్కడ ఉండిపోతాను."

మాణిక్యాంబకు సొంత వంటిల్లు దొరికి ఏడాది కాలేదు. దాన్ని వదులుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

పంచె చివరి నుంచే పోగులు లాగింది. చిరుగు మీద నిలువుగా పరిచి, అడ్డపోగును ఒకదాని పైనుంచీ ఒకదాని కిందనుంచీ దూర్చుతూ పూడ్చింది. ఉతికి, గంజి పెట్టి, ఆరేసి, మడతపెట్టింది. అక్కడితో ఆగవలసింది. ఆగలేదు. కొత్తబట్టకు పెట్టినట్టు నాలుగు కొనలకూ పసుపు పెట్టి, భర్త సాయంత్రం వచ్చి కట్టుకోవడానికి పెట్టె మీద ఉంచింది.

పక్కింటి రామతులసి పెరుగు తోడుకని వచ్చి ఆ పసుపు చూసింది.

"పండగ లేదు, పెళ్ళి లేదు. కొత్త పంచె ఏంటి, మాణిక్యం?"

"ఏం లేదండి పిన్నిగారూ. ఊరికే."

ఊరికే ఎవరూ కొత్త పంచె కొనరని రామతులసికి తెలుసు. భాస్కరం పెద్దగుమాస్తా పనికోసం చూస్తున్నాడనీ తెలుసు. రెండూ కలిపి, లాకుల దగ్గర పనిచేసే భర్త అచ్చిబాబుకు అన్నం తీసుకెళ్ళినప్పుడు, ఆ పని వచ్చేసిందని చెప్పింది. అచ్చిబాబు పడవ దిగుతున్న వరహాలక్ష్మమ్మ చేతిలో మూట అందుకుంటూ ఆవిడకు చెప్పాడు. కొడుకు తనకు ముందుగా తెలియజేయలేదని ఆవిడ కాసేపు నొచ్చుకుంది. తరువాత దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఆ కబురు తానే చెప్పుకుంటూ వచ్చింది.

సాయంత్రం భాస్కరానికి ఆ గుమ్మాలవాళ్ళే ఎదురయ్యారు. మొదటివాళ్ళకు అలాంటిదేమీ లేదని చెప్పాడు. వీధి మలుపు తిరిగేసరికి, తాను బయల్దేరాక ఉత్తర్వు వచ్చిందేమో అనుకున్నాడు. ఇంటికి వచ్చి తల్లి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. తల్లికి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. మాణిక్యాంబ వంటింట్లోంచి, కాదన్నట్టు సైగ చేసింది. అతను దాన్ని సంతోషం అనుకున్నాడు.

అప్పుడే పురోహితులు వేంకటరమణశాస్త్రి గారు వీధిలో వెళుతున్నారు. వరహాలక్ష్మమ్మ ఆయన్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. శుభవార్త విన్నరోజున పెద్దలకు కొత్తబట్ట పెట్టాలంది. పెట్టె మీది పంచె, అరటిపళ్ళు, తాంబూలం కొడుకు చేత ఇప్పించింది. శాస్త్రిగారు పంచె కళ్ళకద్దుకుని, దీన్నే మడిగా కట్టుకుని సంధ్య వారుస్తానన్నారు.

మడికి కుట్టిన బట్ట పనికిరాదు. మాణిక్యాంబ గుమ్మంలోకి వచ్చింది. చెబితే వంటిల్లు పోతుందని ఆమెకు తెలుసు.

"కట్టుకోకండి శాస్త్రిగారూ. అది కొత్తది కాదండి. చిరిగితే నేనే బాగుచేశాను."

శాస్త్రిగారు పంచె తీసి అరుగు మీద పెట్టారు.

"అయితే నా ఉద్యోగం?" అన్నాడు భాస్కరం.

వరహాలక్ష్మమ్మ పంచె అందుకుని విప్పింది. వెలుతురుకు పట్టి చూసింది. వేళ్ళతో తడిమింది.

"చిరుగు ఎక్కడే?"

మాణిక్యాంబ వేలుపెట్టి చూపించవలసి వచ్చింది. శాస్త్రిగారూ వంగి చూశారు. ఆ పంచె పోగులనే ఆ పంచెలో అల్లింది కనక ఇది కుట్టు కాదనీ, నేతేననీ, మడికి దోషం లేదనీ తేల్చారు. అయినా పంచె భాస్కరానికే ఇచ్చి, పళ్ళు మాత్రం ఉంచుకున్నారు.

వరహాలక్ష్మమ్మ లోపలికి వెళ్ళి తన మూట తెచ్చి విప్పింది. అడుగు నుంచి ఒక ఉత్తరీయం తీసింది. పోయిన భర్తది. మడతల వెంబడి పిగిలింది. ఆవిడ దాన్ని ఇంతవరకు ఎవరి చేతికీ ఇవ్వలేదు.

"మీ మావగారిది. దీన్ని చేయగలవుటే?"

"చేస్తానండి అత్తయ్యగారూ. పోగులు పలచబడ్డాయి. చాలా రోజులు పడుతుందండి."

"పట్టనీ. ఉంటాను. వంటిల్లు నువ్వే చూసుకో. నేను పోగులు తీసి ఇస్తాను."

మాణిక్యాంబ ఉత్తరీయాన్ని రెండు చేతులా అందుకుంది. అత్తగారు ఉండిపోతోందన్న సంగతి ఆమెకు తట్టేసరికి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అంచు ఎటునుంచి విప్పాలో మాట్లాడుకుంటున్నారు.

శాస్త్రిగారు మెట్లు దిగబోతూ ఆగి, పట్టువి కూడా చేస్తుందేమో కనుక్కోమని భాస్కరానికి చెప్పారు.